శ్రీకాకుళం పిన్‌కోడ్ 532001: ఈ సంఖ్యలో ఏముంది?

[తెర మీద: పోస్టు కవరు, చిరునామా చివర 532001]

నమస్కారం! శ్రీకాకుళం హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడ్ 532001. దేశంలో ఈ పిన్‌కోడ్‌లు 1972 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఉత్తరం సరైన ఊరికి చేరితే తపాలా వాళ్ల పని అయిపోయినట్టే. మనం మాత్రం దీన్ని ఐదు లక్షల ముప్ఫై రెండు వేల ఒకటి అనే సంఖ్యగా చూద్దాం.

దీనికి ముందున్న 532000కి 96 కారణాంకాలు ఉన్నాయి. 2, 4, 5, 7, 8, 19... దేనితో భాగించినా శేషం సున్నా. దానికి ఒకటి కలిపి చూడండి. ఏడు రోడ్ల జంక్షన్ ఉన్న ఊరి నంబరు కదా, ముందు 7తో భాగిద్దాం. 1 మిగిలింది. 19తోనూ 1 మిగిలింది. 3తో అయితే 2. ఇలా ఎంత దూరం వెళ్లాలి?

[తెర మీద: 729 × 729 = 531441, 730 × 730 = 532900]

729 వరకు వెళ్తే చాలు. అంతకంటే పెద్ద కారణాంకం ఉంటే దాని జత చిన్నదే అయి, మనకు ముందే దొరికిపోతుంది. 729 లోపు ప్రధాన సంఖ్యలు, అంటే 1తోనూ తమతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగం పోనివి, 129. ఒక్కటి కూడా దీన్ని నిశ్శేషంగా భాగించదు. అంటే 532001 ప్రధాన సంఖ్య!

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చని 1640లో ఫెర్మా అనే ఫ్రెంచ్ గణితవేత్త చెప్పాడు. వందేళ్లు దాటాక ఆయిలర్ అనే స్విస్ గణితవేత్త నిరూపించాడు. ఉదాహరణకి 13 అంటే 9 (3 × 3), 4 (2 × 2) కలిపితే వచ్చేది. పైగా అలా రాయడానికి ఒకే ఒక్క దారి ఉంటుంది. 532001ని 4తో భాగించినా 1 మిగులుతుంది. మరి దీనికి ఆ దారి ఏది?

[తెర మీద: ఒకదాని కింద ఒకటి]
625 × 625 = 390625
376 × 376 = 141376
మొత్తం = 532001

వర్గాల చివరి మూడంకెలు చూడండి. 390625 చివర మళ్లీ 625 ఉంది. 141376 చివర మళ్లీ 376 ఉంది. తన వర్గం చివర తానే కనిపించే మూడంకెల సంఖ్యలు మొత్తం రెండే రెండు. ఆ రెండూ వచ్చి మన పిన్‌కోడ్‌లోనే కూర్చున్నాయి! నాకైతే ఇది చూసినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, 625ని దాని ముందున్న 624తో గుణిస్తే సరిగ్గా 390000. దానికి ఇంకొక్క 625 కలిపితే వర్గం వస్తుంది కాబట్టి చివర 625 మిగులుతుంది. 376, 375ల లబ్ధం 141000, అక్కడా అదే కథ. ఇక 625, 376 కలిపితే 1001. పిన్‌కోడ్ చివర ఉన్న 001 అక్కడి నుంచి వచ్చిందే.

నాలుగంకెల్లో ఇలాంటిది 9376 ఒక్కటే. దాని వర్గం 87909376. ఐదంకెల్లో 90625 ఉంది. దాని వర్గం మీరే కాగితం మీద చేసి, చివరి ఐదంకెలు ఏమొచ్చాయో చూడండి.