కార్తీకంలో అమ్మమ్మల ప్రయాణం

అమ్మలకీ, అక్కలకీ, వదినలకీ నమస్కారం.

కార్తీకం వచ్చిందంటే అరవై దాటిన ఆడవాళ్ల రోజు మిగతా పదకొండు నెలల్లా ఉండదు. నాలుగున్నరకే స్నానం, తులసికోట దగ్గర దీపం, తడిజుట్టు ముడేసుకుని మనవలకి క్యారేజీలు కట్టడం, పదింటికి పురాణ పారాయణం, సాయంత్రం మళ్లీ దీపం. సోమవారమైతే చుక్క కనబడేదాకా ఉపవాసం. ఇంతలో ఎవరో ఒకావిడ ఫోన్ చేసి, ‘వచ్చే సోమవారం పంచారామాలకి బస్సు మాట్లాడాం, వస్తారా వదినగారూ’ అంటుంది. కాదనడానికి నోరు రాదు. అననూ అక్కర్లేదు. తోటివాళ్లతో నవ్వుకోవడానికని గడప దాటే రోజులు ఏడాదికి ఎన్నుంటాయి గనక? వెళ్తున్నాం అనుకునే మాట్లాడుకుందాం. ఇలాంటి ప్రయాణాలు చెడేది ఒక్క చోటే. గుళ్ల జాబితా ముందు రాసేసి, మోకాళ్లనీ మాత్రలనీ తర్వాత దానికి సర్దుతారు. ఆ వరస తిరగేయాలి.

ముందు దారి సంగతి. అమరావతి, భీమవరం గునుపూడి, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. ఐదూ ఒక్క రోజులో చూస్తే పుణ్యమని ఆర్టీసీ కార్తీకంలో ప్రత్యేక బస్సులు వేస్తుంది. ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారమంతా తిరిగి, దిగేసరికి మళ్లీ అర్ధరాత్రి. ఈ ఐదింటిలో మన రాజమండ్రివాళ్లకి దూరాభారమంతా అమరావతిదే. విజయవాడ దాకా వెళ్లి, అక్కణ్నుంచి ఇంకో 35 కిలోమీటర్లు పోవాలి. దాన్ని విడిగా పెట్టుకుంటే మిగతా నాలుగూ చేతికందేవే. భీమవరం, పాలకొల్లు మధ్య పాతిక కిలోమీటర్లు కూడా లేదు, అదొక రోజు. ద్రాక్షారామం, సామర్లకోట ఇంకో రోజు. కార్తీకంలో సోమవారాలు నాలుగైనా ఉంటాయి, అన్నీ ఒక్క సోమవారానికే ఎత్తాల్సిన పని లేదు.

సోమవారం రద్దీకి భయపడేవాళ్లు పౌర్ణమికి రెండు మూడు రోజుల ముందు మామూలు వారం చూసుకుని భీమవరం వెళ్తే మంచిది. అక్కడి సోమేశ్వరుడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా కనబడుతుందంటారు కదా, ఆ తెలుపూ దక్కుతుంది, తోపులాటా తప్పుతుంది. అక్కడ అన్నపూర్ణమ్మ గుడి శివుడి గర్భాలయానికి పై అంతస్తులో ఉంటుంది. సామర్లకోటలో లింగం కింది అంతస్తు నుంచి పైదాకా లేచి ఉంటుంది, అభిషేకం పైనే. మోకాలి చిప్ప అరిగినవాళ్లు ఎక్కడానికి కాదు, దిగడానికి భయపడాలి. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు కింద పెట్టాలి, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వెయ్యాలి. అదీ కుదరనివాళ్లు సామర్లకోటలో కిందనే దర్శనం చేసుకుని మండపంలో కూర్చోవచ్చు. స్వామి అక్కడా ఆయనే.

ఖర్చు గురించి ఒక్క మాట. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బుల్లేవు. అద్దెకి మాట్లాడుకున్న బస్సుకీ, యాత్రా ప్యాకేజీలకీ అది వర్తించదు. ఐదారుగురే అయితే ఆధార్ కార్డు పట్టుకుని మామూలు బస్సుల్లో ద్రాక్షారామం వెళ్లిరావడం హాయి. ఇరవై మంది దాటితేనే బస్సు మాట్లాడండి.

ఇక అసలు గొడవ ఉపవాసం, మాత్రలు. ‘పొద్దున ఏమీ తినను కాబట్టి మాత్ర కూడా వేసుకోను’ అని కొందరు, ‘తినకపోయినా మాత్ర మానకూడదట’ అని మింగేసేవాళ్లు కొందరు. రెండూ ప్రమాదమే, ఏది ఏ మాత్రకన్నది తెలియకపోవడమే కారణం. షుగర్ మాత్రల అట్ట వెనక్కి తిప్పి చూడండి. గ్లిమిపిరైడ్ అనో గ్లిక్లజైడ్ అనో రాసి ఉంటే అది మీరు తిన్నా తినకపోయినా చక్కెరని దించేస్తుంది. ఇన్సులిన్ కూడా అంతే. ఖాళీ కడుపున అది వేసుకుని క్యూలో నిలబడితే చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. పక్కనున్నావిడ ‘దేవుడు పూనాడు’ అనుకున్నా ఆశ్చర్యం లేదు. మీటరు ఉంటే చూడండి. 70 కంటే తగ్గితే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే గ్లూకోజ్ ఇవ్వాలి. మీటరు లేకపోయినా ఆగొద్దు. మనిషి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ చూసి, తేరుకున్నాక రెండు ఇడ్లీలో అరటిపండో పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఆ మాత్రతోపాటు వోగ్లిబోస్ వాడేవాళ్లకి పంచదార తొందరగా పనిచెయ్యదు, గ్లూకోజే ఉండాలి. అందుకే బస్సులో కనీసం రెండు గ్లూకోజ్ డబ్బాలు పెట్టుకోండి.

బీపీ, గుండె, రక్తం పలచబడే మాత్రలు ఉపవాసమని మానకూడదు. నీళ్లతో మాత్ర మింగితే వ్రతభంగమనే సందేహం ఉంటే పంతుల్నే అడగండి, చాలామంది వేసుకోమనే అంటారు. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్ర ఉంటుంది చూశారా, దారిలో బాత్రూము దొరకదని ప్రయాణం రోజు దాన్ని ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువ. ఆ పూట దాన్ని ఎన్నింటికి వేసుకోవచ్చో వారం ముందే డాక్టరుని అడిగి పెట్టుకోండి. సొంతంగా మానొద్దు. బాత్రూము భయానికే మంచినీళ్లు తాగకపోవడం ఇంకో తప్పు. మర్నాటికి మూత్రంలో మంట, మలబద్ధకం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం దాని ఫలితాలే. డ్రైవరుతో ముందే చెప్పండి: రెండు గంటలకోసారి శుభ్రమైన బాత్రూమున్న పెట్రోలు బంకు దగ్గర ఆపాలని. ‘అందరికీ అవసరం లేదు కదా’ అని ఎవరైనా అంటే, ఆవిణ్ని కూడా దించండి. అరగంటకోసారి సీట్లోనే పాదాలు పైకీ కిందకీ ఇరవై సార్లు ఆడిస్తే కాళ్ల వాపు తగ్గుతుంది.

దీపాల దగ్గరకొద్దాం. 365 వత్తుల కట్ట చాలామందికి సగంలో ఆరిపోతుంది. కార్తీకం చలికి నెయ్యి గడ్డకట్టి పైపైనే అంటుకుంటుంది, లోపలి వత్తులు పొడిగానే ఉండిపోతాయి. ముందురోజు రాత్రే నెయ్యి వెచ్చగా కరిగించి, కట్టని దారం వదులు చేసి ముంచి, గిన్నె మీద మూత పెట్టి ఉంచండి. వెలిగించేముందు కొసలు కాస్త విడదీసి మధ్యలో కర్పూరం బిళ్ల గుచ్చితే అంటుకుంటుంది. ఆ మంట జానెడు లేస్తుంది కాబట్టి వెడల్పు ప్రమిద కావాలి, రెండు కట్టలు పక్కపక్కన పెట్టకూడదు. ఉసిరి దీపానికి పెద్ద కాయ తీసుకుని, అడుగున పలచగా కోసి నిలిచేలా చేశాక, పైభాగం తీసి గింజ దాకా తొలిస్తే పువ్వొత్తి కూర్చుంటుంది. పచ్చి ఉసిరి మీద కత్తి జారుతుంది. ఆ పని ఇంట్లో పీట మీద ముగించుకుని వెళ్లండి, గట్టు మీద గుంపులో కాదు.

పుష్కరఘాట్‌లో అరటి దొప్పలు వదిలేవాళ్లు చూస్తుంటారు, కొన్ని వదలగానే బోర్లాపడతాయి. వత్తి మధ్యలో లేక బరువు ఒకవైపు పోవడమే కారణం. బియ్యప్పిండి ముద్ద చిన్నది దొప్ప మధ్యలో అంటించి దానిలో వత్తి గుచ్చితే కదలదు. థర్మోకోల్ ప్లేట్లు మాత్రం వద్దు, గోదావరి అవి మింగి అరిగించుకోలేదు. చివరి మెట్టు నాచుతోనూ, నిన్నటి దీపాల నూనెతోనూ జారుతుంది. పైమెట్టు మీద కూర్చుని వంగి వదలండి. ఆ రోజుకి నూలు చీరే కట్టుకుని పమిట నడుముకి దోపుకోండి. సిల్కులా మెరిసే సింథటిక్ చీరకి మంట అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

ఉపవాసం లేని రోజు వనభోజనం పెట్టుకుంటే ఇరవై మందికి రెండున్నర కిలోల బియ్యం సరిపోతుంది. పెద్దవాళ్లం, అంతకంటే తినం, మిగిలితే మళ్లీ మోసుకురావాలి. పులిహోర మెత్తబడిందంటే వేడన్నం మీద పులుసు పోశారన్నమాట. పెద్ద పళ్లెంలో ఆరబెట్టి, చెంచాడు నూనె రాసి, కిలో బియ్యానికి 150 గ్రాముల చింతపండు పులుసు దగ్గరికి ఉడికించి కలపండి. వేడిగా డబ్బాలో మూత పెడితే మధ్యాహ్నానికి వాసన పట్టేస్తుంది. పెరుగన్నం పొద్దున పెరుగుతో కలిపితే ఒంటిగంటకి పుల్లబడుతుంది. కిలో బియ్యం అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు సరిపడా పోసి, రెండు చెంచాల పెరుగు తోడేస్తే వడ్డించే వేళకి కమ్మగా ఉంటుంది.

బయల్దేరే ముందు ఇంట్లో చెప్పాల్సినవి వేరే. ‘గుడికెళ్లొస్తా’ అంటే చాలదు. మనవడి స్కూలు వ్యాను దగ్గర ఎవరుంటారు, తులసమ్మ దగ్గర సాయంత్రం దీపం ఎవరు పెడతారు, ఇవి ముందురోజే కోడలితోనో కూతురితోనో తేల్చుకోండి. దీపం పని మనవరాలికి అప్పజెప్పి చూడండి, మర్నాడు కూడా తనే పెడతానంటుంది. పర్సులో ఒక అట్టముక్క: పేరు, ఇంట్లో ఇద్దరి నంబర్లు, వాడే మందులు, బస్సు నంబరు. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా అది పనికొస్తుంది. మెడలో పలకసర్లు, చంద్రహారాలు బీరువాలో ఉండనివ్వండి. చెప్పులు స్టాండులో వదలకుండా గుడ్డసంచిలో మోసుకెళ్తే మారిపోవు.

బస్సులో ఇద్దరిద్దరి జత కట్టుకోండి. ఎక్కిన ప్రతిసారీ ఎవరి జతని వాళ్లు చూసుకోవాలి. తలలు లెక్కపెడితే ఇరవై రావచ్చు, అందులో ఒకరు పక్క బస్సు మనిషీ కావచ్చు.

ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, మధ్యాహ్నం మాత్ర మర్చిపోయామని అప్పుడు గుర్తొస్తుంది. రెండూ కలిపి వేసుకోకండి. రాత్రిది వేసుకుని, కాస్త పెరుగన్నం తిని పడుకోండి. పొద్దున డాక్టరుకి ఫోన్ చేసి అడగొచ్చు.