కాలదోషం పట్టిన నోటు

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఫ్యాను చప్పుడు కాస్త ఎక్కువగానే ఉంది. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

మనశ్శాంతి గురించి మాట్లాడమని పిలిచారు. నేను స్వామీజీని కాను. డాక్టరునీ కాను. ఈ ఊళ్ళో ఒక పట్టుచీరల కొట్లో నలభై ఏళ్ళు పద్దులు రాసిన గుమాస్తాను. నాకు తెలిసిందల్లా రోజువారీ పద్దులు రాసే చిట్టా, ఒక్కో మనిషి ఖాతా విడిగా ఉండే ఆవర్జా. అందుకని శాంతి గురించి కూడా ఆ పుస్తకాల్లోంచే మాట్లాడతాను, మీరు సర్దుకోవాలి.

మా కొట్టుకి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, పర్లాకిమిడి నుంచి చిల్లర వర్తకులు వచ్చేవారు. పెళ్ళిళ్ళ ముందు సరుకు అరువు మీద పట్టుకెళ్ళి, అమ్ముకున్నాక డబ్బు కట్టేవారు. ఎక్కువమంది నిజాయితీగా కట్టేవారు. కొందరు మాత్రం కట్టేవారు కాదు. ఒకాయన కొట్టు మూసేసి సూరత్ వెళ్ళిపోయాడు, ఒకాయన కాలం చేశాడు, మరొకాయనైతే మన కొట్టు ముందునుంచే సైకిల్ తొక్కుకుంటూ వెళ్తూ తల అటు తిప్పుకునేవాడు. మార్చి నెలాఖరుకి మా షావుకారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ చదివించేవారు. కొన్ని పేర్ల దగ్గర, "ఇది రాదు, కొట్టేయ్" అనేవారు.

మొండి బాకీ కొట్టేయడమంటే లెక్కల్లోంచి తీసేయడం. (బయట ఈ మాట అంటే దొంగతనం అనుకుంటారు, మా వృత్తి అలాంటిది.) మొదటిసారి నాకు ప్రాణం ఒప్పలేదు. మనకు రావలసిన డబ్బు కదండీ, ఎందుకు కొట్టేయాలి అని అడిగాను. ఆయన చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. రాని డబ్బు పుస్తకంలో ఉంటే మన చేతిలో ఉన్నట్టే లెక్క తేలుతుంది. ఉందనుకుని ఇంకా సరుకు తెస్తాం, ఇంకొకరికి మాట ఇస్తాం. కొట్టు మునిగేది ఎగ్గొట్టినవాడి వల్ల కాదు, వాడు ఇస్తాడని మనం వేసుకున్న లెక్క వల్ల.

నాకది అప్పుడు లెక్కల పాఠంగానే అర్థమైంది. రెండో అర్థం తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మాది ఉద్దానం. కవిటి దగ్గర చిన్న ఊరు. నాన్న పోయాక, 2001లో, పెంకుటిల్లూ దాని వెనక దొడ్డీ అన్నయ్య తన పేర రాయించుకున్నాడు. నాతో ఒక్క మాట అనలేదు. తరవాత అడిగితే, "నీకు బరంపురంలో ఉద్యోగం ఉంది కదా" అన్నాడు. అంతే. నా వాటా అప్పటి ధరకి 2,40,000 రూపాయలు. నేను గుమాస్తాని కదా, ఊరుకోలేకపోయాను. మనసులో ఒక ఖాతా తెరిచి రెండు రూపాయల వడ్డీ వేశాను. నూటికి నెలకి రెండు. సాధారణ వడ్డీయే లెండి, చక్రవడ్డీ వేయడానికి సొంత అన్న మీద నాకే మనసొప్పలేదు. 2018 నాటికి అసలూ వడ్డీ కలిసి 12,19,200. రాత్రి నిద్ర పట్టనప్పుడు ఈ అంకె నాకు శ్లోకంలా నోటికి వచ్చేది.

అందరూ "మరిచిపోరా" అనేవారు. ఈ సలహా ఇచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా ఎలా మరిచిపోవాలో చెప్పలేదు. అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తోటివాళ్ళతో కలిసి, 1987లో ఒక ప్రయోగం గురించి రాశాడు. కొంతమంది విద్యార్థులకు గంట ఇచ్చి, ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి, ఆలోచన వస్తే గంట కొట్టండి అన్నారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తరవాత ఇప్పుడు ఆలోచించుకోవచ్చు అంటే, మొదటినుంచీ ఆలోచించుకోమని చెప్పినవాళ్ళ కంటే వీళ్ళకే ఎలుగుబంటి ఎక్కువగా గుర్తొచ్చింది. నా ఎలుగుబంటి ఆ పెంకుటిల్లు.

మా కొట్లో బాకీ కొట్టేశాక నేను ఆవర్జాలో పేజీ చింపేవాణ్ణి కాదు. పేజీ అలాగే ఉంటుంది. పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, ఎన్ని చీరలు, ఏ రంగు, అన్నీ ఉంటాయి. మొత్తం నుంచి మాత్రం ఆ అంకె తప్పుకుంటుంది. అవతలివాడికి ఉత్తరం కూడా రాయం, నీ బాకీ కొట్టేశామని. చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఇంకో సంగతి, బాకీ కొట్టేసిన మనిషి మళ్ళీ వస్తే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నగదు అయితేనే సరుకు ఇచ్చేవాళ్ళం. క్షమించడమంటే మళ్ళీ అరువు పెట్టడం అని చాలామంది అనుకుంటారు. ఆ రెండింటికీ సంబంధం లేదు.

ఇప్పుడు నోటు సంగతి చెప్పాలి. మీలో చాలామంది ప్రోనోటు మీద అప్పు ఇచ్చిన చేతులే. మూడేళ్ళు దాటితే నోటుకి కాలదోషం పడుతుంది, కోర్టుకి వెళ్ళినా చెల్లదు. అందుకే మూడేళ్ళలోపు నోటు తిరగరాయిస్తాం, లేదా వెనక ఎంతో కొంత జమ వేయించి బాకీదారు చేత సంతకం పెట్టిస్తాం. అక్కడినుంచి మళ్ళీ మూడేళ్ళు. చట్టం చాలా దయగలది చూశారా, ఎంత పెద్ద బాకీకైనా ఒక ముగింపు పెట్టింది. మన మనసుకే ఆ దయ లేదు. నోటు తిరగరాయాలంటే అవతలివాడు సంతకం పెట్టాలి, మనసులో మాత్రం ఆ సంతకం కూడా మనమే పెట్టుకుంటాం. పెళ్ళిలో పక్కన కూర్చున్నాయనకి అన్నయ్య కథ మొత్తం చెప్పాను, నోటు తిరగరాసినట్టయింది. రైల్లో ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాను, మళ్ళీ తిరగరాసినట్టయింది. మా ఆవిడకి ఎన్నిసార్లు చెప్పానో, నేను మొదలుపెట్టగానే తను కూరగాయల కత్తి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఈ హాల్లో ఇంకో పాత నోటు కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం ఇటు, ఇచ్ఛాపురం అటు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో దశాబ్దాలు గడిపారు, అక్కడే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువూ వ్యాకరణమూ చేశారు. అలాంటిది 1936లో, 73వ ఏట, ఊరు ఒరిస్సాలో కలవడం ఇష్టంలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. అది వదులుకోవడమా, అలిగి వెళ్ళడమా అని నేను చాలాసార్లు ఆలోచించాను. అలకే అనుకుంటాను. కానీ ఊరు వదిలారే తప్ప పని వదల్లేదు. 1940లో పోయేదాకా భాష గురించే మాట్లాడారు. మనం ఊరు వదల్లేదు, అలక మాత్రం మిగుల్చుకున్నాం. మా మనవడు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్ళో ఇంగ్లీషు మాట్లాడతాడు. వాడి ఖాతాలో ఈ బాకీ లేదు. నేను చూపించబోయి ఆగిపోయాను.

ఇక్కడికి దగ్గర్లోనే, రుషికుల్య ఒడ్డున, జౌగడ ఉంది. పిక్నిక్‌కి చాలామంది వెళ్ళే ఉంటారు. అక్కడి బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధం గురించి ఆయన పశ్చాత్తాపపడింది పదమూడో శాసనంలో. లక్ష మంది చచ్చిపోయారని, లక్షా యాభై వేల మందిని దేశం నుంచి తరలించారని, అందుకు బాధపడుతున్నానని చెక్కించాడు. ఆ శాసనం ఉత్తరాన కల్సీలో ఉంది, మన కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది. జౌగడలో లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ లేదు. కళింగంలోని ఈ రెండు చోట్లా పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు వదిలేసి, వాటికి బదులు మనుషులందరూ నా బిడ్డలే అని, అధికారులు న్యాయంగా నడుచుకోవాలని వేరే శాసనాలు చెక్కించారు. ఎందుకలా చేశారన్నదానికి పండితులు రకరకాలుగా చెబుతారు. నాకు తట్టింది మాత్రం వేరు. దెబ్బ తిన్నది ఇక్కడి జనం. క్షమాపణ ఎక్కడో ఎవరి ఊళ్ళోనో ఉంది. వాళ్ళ ఊరి బండ మీద ఆ మాట పడేదాకా మనసు కుదుటపడదని కూర్చుని ఉంటే, రెండు వేల రెండొందల ఏళ్ళ పైన అయింది, ఇంకా కూర్చునే ఉండాలి. వాళ్ళు అలా కూర్చోలేదు. దున్నుకున్నారు, నేసుకున్నారు, ఓడలెక్కారు.

నేను కూడా అన్నయ్య నోట "తప్పయిందిరా" అనే మాట కోసం కూర్చున్నాను. ఆ మాట వస్తే డబ్బు వదిలేస్తానని చెప్పుకునేవాణ్ణి. గీతలో పన్నెండో అధ్యాయంలో "త్యాగాచ్ఛాంతిరనంతరమ్" అని ఉంది. త్యాగం వెంటనే శాంతి. వరస చూడండి. ముందు శాంతి వస్తే తరవాత వదులుతాను అనడానికి లేదు. పైగా అక్కడ వదలమన్నది పనిని కాదు, పని ఫలాన్ని. మా భాషలో చెప్పాలంటే వసూలుని. పద్దెనిమిదో అధ్యాయంలో ఇంకాస్త ఘాటుగా ఉంది. కష్టమని, ఒళ్ళు నొప్పులని పని వదిలేస్తే అది రాజస త్యాగం, దానికి ఫలితం రాదు అని. రిటైరయ్యాక "నేను అన్నీ వదిలేశానండీ" అనే మనలాంటివాళ్ళం ఆ శ్లోకం చదువుకోవాలి. చాలాసార్లు మనం వదల్లేదు, అలసిపోయాం.

ఒక హెచ్చరిక. అన్ని బాకీలూ కొట్టేయమని నేను చెప్పడం లేదు. కూలి ఎగ్గొట్టినవాణ్ణి అడగాలి. భర్త కొడుతుంటే ఆ అమ్మాయికి "వదిలెయ్యమ్మా, శాంతిగా ఉండు" అని చెప్పే నోరు మూయించాలి. వసూలయ్యే బాకీని కొట్టేసేవాడు మంచి గుమాస్తా కాదు. మేము కూడా ముందు మనిషిని పంపేవాళ్ళం, ఉత్తరం రాసేవాళ్ళం, అవసరమైతే ప్లీడరు నోటీసు ఇప్పించేవాళ్ళం. ఇవన్నీ అయ్యాకే మార్చి నెలాఖరు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస కూకటివేళ్ళతో లేచిపోయాయి. ఫోన్లు లేవు, కరెంటు లేదు. నాలుగో రోజున మా పిన్ని కొడుకు మోటార్‌సైకిల్ మీద వచ్చి, "అన్నయ్య ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి, పనసచెట్టు పడిపోయింది" అన్నాడు. అబద్ధమాడను. నా మనసులో ఒక మూల చల్లగా తగిలింది. తగిన శాస్తి అనిపించింది. మనుషులకేమైనా అయిందా అని ఆ తరవాతే అడిగాను. ముందు అడగలేదు. నేను అడగలేదన్న సంగతి పిన్ని కొడుకు కూడా గమనించాడు.

మర్నాడు బస్సెక్కాను. దారంతా చెట్లు కోసి పక్కకు తోసి ఉన్నాయి, సోంపేట నుంచి నడక. దొడ్లో అన్నయ్య పడిపోయిన పనస మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. వదిన పెంకులు ఏరుతోంది, పగలనివి ఒక పక్క, ముక్కలు ఒక పక్క. ఆవిడ నన్ను చూసి చెంగుతో చేతులు తుడుచుకుని మళ్ళీ పనిలో పడింది. నేనూ చెప్పులు విడిచి కూర్చున్నాను. ఆ పెంకులు నాన్న తెచ్చినవి. తడికి నల్లబడి, నాచు పట్టి ఉన్నాయి, ఒకదాని వెనక చిన్నప్పుడు ఎవరో బొగ్గుతో గీసిన గీతలు కూడా ఉన్నాయి. సాయంత్రం దాకా ఏరాం. ఇల్లు, వాటా, 2001, ఏ మాటా రాలేదు. "బేగి తిను, బండి దొరకదు" అన్నాడు అన్నయ్య. ఆయన అన్నది అదొక్కటే.

ఆ రాత్రి ఇంటికొచ్చి నోటుపుస్తకంలో ఖాతా మొత్తం రాశాను. పేరు, తేదీ, అసలు, వడ్డీ. కింద "కొట్టివేయడమైనది" అని రాసి గీత గీశాను. వెంటనే నిద్ర పట్టిందని చెప్పను. ఆ అంకె ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు పేజీ ఉందిలే అనుకుంటాను, మొత్తంలో కలపను.

ఆ డిసెంబరులో అన్నయ్య ఫోన్ చేశాడు. ఇల్లు కప్పుకోవాలి, యాభై వేలు సర్దుతావా అన్నాడు. అరువు ఇవ్వలేనన్నాను. పదివేలు పంపాను. నేను పద్దు రాయకుండా ఎవరికైనా డబ్బివ్వడం అదే మొదటిసారి. ఆ డబ్బుతో ఏం చేశాడో నేను అడగలేదు. మా ఆవిడ అడిగింది. రేకులు వేయించాడట.