నాలుగు బ్యాటరీలు సమానంగా పనిచేయాలంటే

మిత్రులందరికీ నమస్కారం. ఈ హాల్లో వైరింగ్ పని చేసేవాళ్లే ఎక్కువ. ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు కూడా కొందరు వచ్చారు. ఇద్దరికీ పనికొచ్చే ఒక్క సంగతే మాట్లాడతాను: బ్యాటరీని బ్యాటరీతో కలిపే పద్ధతి. ప్యానెళ్ల జోలికి ఈరోజు పోను.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది కదా, దాని కింద మేడల మీదికెక్కిన వాటిలో చాలావరకు బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకే కలిపే ఆన్‌గ్రిడ్ సిస్టమ్‌లే. కరెంటు పోతే అవి కూడా ఆగిపోతాయి. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మన ప్యానెళ్ల కరెంటు తగలకుండా ఉండాలని చేసిన ఏర్పాటు అది. "నెత్తిన మూడు కిలోవాట్లు పెట్టుకుని చీకట్లో కూర్చోవాలా?" అని ఇంటాయన అడుగుతాడు. బ్యాటరీల బేరం అక్కడ మొదలవుతుంది. ఉన్న ఇన్వర్టర్ పక్కన ఒకటి, కొంతకాలానికి ఇంకొకటి, డబ్బు చేతికొచ్చినప్పుడల్లా మరొకటి. కలపడం ఏముంది, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్, అంతే కదా అంటారు. రెండేళ్లు తిరగకముందే వరుసలో మొదటి బ్యాటరీ పడిపోతుంది. తిట్లు మాత్రం కంపెనీ తింటుంది.

నాలుగు 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలు (ఇన్వర్టర్లకు వాడే లెడ్ యాసిడ్ రకం), ఒక్కోటి 150 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్లు, పారలల్‌లో ఉన్నాయనుకుందాం, అంటే ప్లస్‌లన్నీ ఒకటిగా, మైనస్‌లన్నీ ఒకటిగా కలిసి. ఇన్వర్టర్ తీగలు రెండూ మొదటి బ్యాటరీకే బిగించారు. అక్కడి నుంచి జంపర్లతో, అంటే చిన్న తీగ ముక్కలతో, రెండో దానికి, మూడో దానికి, నాలుగో దానికి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, తీగ కూడా తక్కువ పడుతుంది. ఇప్పుడు లోడు వెయ్యి వాట్ల దగ్గరికి వచ్చింది. 12 వోల్టుల వైపు అది సుమారు 100 ఆంపియర్లు. నాలుగూ తలా 25 ఇస్తున్నాయని మనం అనుకుంటాం.

ఇవ్వవు. ఒక్కో బ్యాటరీ లోపలి నిరోధం 5 మిల్లీఓమ్‌లు, ఒక్కో జంపర్ లగ్గులతో (తీగ చివర నొక్కి బిగించే కొసలతో) సహా అర మిల్లీఓమ్ అనుకుని ఓమ్ సూత్రంతో లెక్క కట్టండి. మొదటి బ్యాటరీ 38.5 ఆంపియర్లు ఇస్తుంది. రెండోది 26, మూడోది 19, నాలుగోది 16. ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే ధరకు కొన్న బ్యాటరీలివి. మొదటిది నాలుగో దానికంటే దాదాపు రెండున్నర రెట్ల బరువు మోస్తోంది. కాలువ మొదట్లో ఉన్న పొలానికీ చివరి ఆయకట్టుకీ ఉండే తేడా లాంటిదే ఇది. అర మిల్లీఓమ్ ఏం చేస్తుందిలే అనుకోకండి. బ్యాటరీ లోపలి నిరోధమే ఐదు ఉన్నప్పుడు అర అనేది అందులో పదో వంతు. పైగా అది ప్లస్ వైపు, మైనస్ వైపు, ప్రతి మెట్టులోనూ కూడుతూ పోతుంది.

చార్జింగ్‌లోనూ ఇదే వరస. మొదటిది ముందు నిండుతుంది. చివరిది నిండుతూ ఉండగానే పొద్దు వాలిపోతుంది. రోజూ అరకొరగా నిండే బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, దాంతో దాని నిరోధం పెరుగుతుంది, అది ఇంకా తక్కువ ఇస్తుంది, మొదటి దాని మీద భారం ఇంకా పెరుగుతుంది. ఒకటి పని ఎక్కువై పోతుంది, ఇంకోటి తిండి చాలక పోతుంది.

దీనికి కొందరు సీనియర్లు చెప్పే ఎదురుమాట ఒకటుంది, అందులో నిజం లేకపోలేదు. మొదటి బ్యాటరీ కొంత ఖాళీ కాగానే దాని వోల్టేజ్ పడుతుంది, అప్పుడు మిగతావి భారం అందుకుంటాయి, చివరికి అన్నీ సమానమవుతాయి అంటారు. రాత్రంతా సన్నగా నడిచే రెండు ఫ్యాన్ల లోడుకైతే అది దాదాపు నిజమే. కానీ మన ఇళ్లలో కరెంటు పోయేది ఎక్కువగా అరగంటో గంటో. ఆ కాస్త సేపట్లో మిక్సీ తిరుగుతుంది, ఫ్రిజ్ కంప్రెసర్ ఎత్తుకుంటుంది. ఆ దెబ్బలన్నీ తినేది మొదటిదే. సమానమయ్యే లోపు కరెంటు వచ్చేస్తుంది.

బాగుచేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇన్వర్టర్ ప్లస్ తీగను మొదటి బ్యాటరీకి ఉంచండి, మైనస్ తీగను విప్పి నాలుగో బ్యాటరీకి బిగించండి. ఐమూలగా. అదే లెక్క మళ్లీ వేస్తే రెండు చివర్లవీ 27.3 చొప్పున, మధ్యవి 22.7 చొప్పున ఇస్తాయి. కొత్త జంపర్ ఒక్కటీ కొనక్కర్లేదు, ఇన్వర్టర్ తీగ ఒకటి కాస్త పొడవు కావాలి. బ్యాటరీలు రెండే అయితే ఐమూల పద్ధతిలో లెక్క నూటికి నూరు పాళ్లూ సమానం. మూడు దాటితే నేను ఐమూలతో సరిపెట్టుకోను. ప్లస్‌కొక మందపాటి రాగి పట్టీ, మైనస్‌కొకటి వేసి, ఒక్కో బ్యాటరీ నుంచి ఒకే పొడవు, ఒకే సైజు తీగలు తెస్తాను. దగ్గరి బ్యాటరీకి కూడా దూరపు బ్యాటరీకి కోసినంత తీగే. ఇక్కడే మనవాళ్ల చెయ్యి ఊరుకోదు, మిగిలిన తీగను కత్తిరించేస్తుంది. కత్తిరించకండి.

తీగ సరే, లగ్గు సంగతి? 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు సుమారు 0.78 మిల్లీఓమ్‌లు. సుత్తితో నాలుగు దెబ్బలేసి నొక్కిన లగ్గు ఒక్కటే మిల్లీఓమ్ దాకా పోగలదు, అంటే మీటరుకు పైగా తీగ అదనంగా వేసినట్టే. క్రింపింగ్ టూల్ కొనండి, హైడ్రాలిక్‌ది అయితే మరీ మంచిది. అనుమానం ఉంటే 50 ఆంపియర్ల లోడు పెట్టి, మల్టీమీటర్ ఒక పిన్ను బ్యాటరీ సీసం స్తంభం మీద, రెండో పిన్ను తీగ రాగి మీద ఆనించండి. 50 మిల్లీవోల్టులు చూపిస్తే అక్కడ ఒక మిల్లీఓమ్ కూర్చుని ఉన్నట్టు. వాటాలు చూడ్డానికి డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. మనలో చాలామంది దగ్గర ఉండేది ఏసీది. అది బ్యాటరీ తీగకు తగిలిస్తే సున్నా చూపిస్తుంది, మనం అంతా బాగుందనుకుంటాం.

పారలల్‌లో ఒక్కో బ్యాటరీకి ఒక్కో ఫ్యూజు తప్పనిసరి. 5 మిల్లీఓమ్‌ల బ్యాటరీని పొరపాటున షార్ట్ చేస్తే పారేది రెండు వేల ఆంపియర్లకు పైమాటే. పారలల్‌లో ఉన్న ఒకదాంట్లో సెల్లు షార్ట్ అయితే మిగతా మూడూ దాంట్లోకి దూకుతాయి. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య ఉన్న ఒక్క ఫ్యూజు ఆ సంగతి గమనించనైనా గమనించదు. ఇంటి బోర్డులో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పెట్టకండి. డీసీ కరెంటు తెగేటప్పుడు లేచే ఆర్క్, అంటే ఆ నిప్పు, దాంతో ఆరదు.

అసలు నన్నడిగితే, కొత్తగా పెట్టేవాళ్లు పారలల్ జోలికే పోవద్దు. నాలుగు బ్యాటరీలు కొనే స్తోమత ఉంటే 48 వోల్టుల ఇన్వర్టర్ తీసుకుని నాలుగింటినీ సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ పక్కదాని మైనస్‌కి కలిపి పెట్టండి. అదే వెయ్యి వాట్లకు 100 బదులు 25 ఆంపియర్లు చాలు. అదే తీగలో వృథా పదహారో వంతుకు పడిపోతుంది. అన్నింట్లోంచీ పారేది ఒకే కరెంటు కాబట్టి వాటాల తగువే ఉండదు.

అయితే సిరీస్‌కి ఇంకో రోగం ఉంది. చార్జర్‌కి కనిపించేది మొత్తం వోల్టేజ్ ఒక్కటే. 57.6 వోల్టులు రాగానే అంతా నిండిందనుకుంటుంది. లోపల రెండు 14.4 దగ్గర, ఒకటి 15.3 దగ్గర, ఒకటి 13.5 దగ్గర ఉన్నా కూడితే వచ్చేది 57.6 కదా. ఒకటి నీళ్లు ఉడకబెడుతోంది, ఇంకొకటి ఆకలితో ఉంది, డిస్‌ప్లే మీద మాత్రం పచ్చ లైటు. అందుకే సిరీస్‌లో కలిపే ముందు ప్రతి బ్యాటరీని విడిగా పూర్తిగా చార్జ్ చేయాలి. తర్వాత కూడా నెలకోసారి నాలుగింటినీ విడివిడిగా కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. నీళ్లు పోసే రకమైతే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ వాడండి. సెల్లుకీ సెల్లుకీ 0.030 తేడా వస్తే ఈక్వలైజ్ చార్జ్, అంటే వెనకబడ్డ సెల్లులు కూడా నిండేలా కావాలని ఇచ్చే అదనపు చార్జ్, ఇవ్వాలి. జెల్ బ్యాటరీలకీ లిథియానికీ ఆ ఈక్వలైజ్ బటన్ నొక్కకండి. సిరీస్ బ్యాటరీల మధ్య పెట్టే బ్యాలెన్సర్లు దొరుకుతున్నాయి, మంచివే. కానీ చచ్చిన బ్యాటరీని అవి లేపలేవు.

ఇంకోటి. సిరీస్‌లో కట్టిన 24 వోల్టుల జతలో ఒక బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగి వైఫై రౌటర్‌కో సీసీ కెమెరాకో ఇచ్చిన ఇళ్లు చాలా చూశాను. చేసినవాడు తెలివైనవాడే. కానీ రౌటర్ పగలూ రాత్రీ తింటుంది, ఆ ఒక్క బ్యాటరీ రోజూ జతగాడికంటే కిందికి దిగుతుంది, చార్జర్‌కి ఆ సంగతి తెలియదు. 24 నుంచి 12కి తగ్గించే చిన్న డీసీ కన్వర్టర్ వందల్లోనే దొరుకుతుంది. రెండు బ్యాటరీల మీద కలిపి అది పెట్టండి.

మూడేళ్ల పాత బ్యాటరీ పక్కన కొత్తది కట్టడం గురించి ఎక్కువ చెప్పను. పాతది కొత్తదాన్ని తన వయసుకి లాక్కుంటుంది. కొత్తవాటిని కూడా గోడకి అతికించి, ఒకదానికొకటి తాకేలా పేర్చకండి. రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. మెట్ల కింద గదిలో మే నెలలో ఇన్వర్టర్ వేడి తగిలే బ్యాటరీ, కిటికీ దగ్గరున్న బ్యాటరీ ఒకే వయసుకి పోవు. పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ ఆయుష్షు సుమారు సగమవుతుంది.

లిథియం గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి ఒక్క మాట. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులో చార్జ్ సగం ఉన్నా ముప్పావు ఉన్నా వోల్టేజ్ 3.3 అటూ ఇటూనే తిరుగుతుంది, కాబట్టి మధ్యలో కొలిచి అన్నీ సమానమని సంబరపడొద్దు. తేడా బయటపడేది పైకొసలో, 3.4 దాటాక. విడి సెల్లులతో ప్యాక్ కట్టేవాళ్లు ముందు అన్నింటినీ పారలల్‌లో కలిపి 3.65 దాకా నింపి, తర్వాతే సిరీస్‌లో వేయాలి. ప్యాక్‌లో సెల్లులను కాపలా కాసే సర్క్యూట్, బీఎంఎస్, ఉంది కదా అని ఈ పని వదిలేస్తారు. మామూలు బీఎంఎస్ సరిచేసేది వంద మిల్లీఆంపియర్ల లోపే. 100 ఏహెచ్ సెల్లులో పది ఏహెచ్ తేడా ఉంటే దాన్ని దిద్దడానికి దానికి వంద గంటలు పడుతుంది, అదీ సెల్లు పైకొసలో ఉన్న గంటలు లెక్కేస్తే.

ఇక మాటలు చాలు. ఆ టేబుల్ మీద నాలుగు బ్యాటరీలు ఒక చివర నుంచే తీగలు లాగి కట్టి ఉంచాం. లోడు ఆన్ చేస్తాం. డీసీ క్లాంప్ మీటర్ తెచ్చినవాళ్లు ముందుకొచ్చి ఇన్వర్టర్ ప్లస్ తీగ దగ్గరా, ప్లస్ వైపు మూడు జంపర్ల దగ్గరా కొలిచి బోర్డు మీద రాయండి, ఒకదాంట్లోంచి తర్వాతది తీసేస్తే ఒక్కో బ్యాటరీ వాటా తేలుతుంది. తర్వాత మైనస్ తీగ మార్చి మళ్లీ కొలుద్దాం. చేతికి ఉంగరాలు, కడియాలు ఉంటే తీసి జేబులో వేసుకోండి.