సినిమా ఆపి, పక్కనున్న అమ్మని అడగండి

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వార్షికోత్సవంలో సినిమాల మాటేంటని ఒకరిద్దరు అడిగారు. దసరా సెలవులు వస్తున్నాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోని మంచి సినిమాలు, ఇంట్లో చూసేవి చెప్పండి సార్ అని నిర్వాహకులు పిలిచారు. పెద్ద లిస్టే రాసుకొచ్చాను. ఎన్ని చెప్పగలనో చూద్దాం.

మొదటిది 'సుస్మన్', 1987 నాటిది. తీసింది శ్యామ్ బెనెగల్. ఆయన పుట్టింది మన సికింద్రాబాద్ తిరుమలగిరిలోనే. ఆయన తీసిన 'అంకుర్' గురించి అందరూ చెబుతారు, 'సుస్మన్' పేరెత్తేవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు. పోచంపల్లి మగ్గాల కథ అది. ఓం పురి నేతగాడు, షబానా ఆజ్మీ ఆయన భార్య. పట్టుచీరలు నేసే ఇంట్లో కూతురి పెళ్ళికి ఒక పట్టుచీర పెట్టడం ఎంత కష్టమో అందులో చూస్తారు. సినిమా హిందీలో ఉంటుంది. మన నేతవాళ్ళు హిందీ మాట్లాడుతుంటే మొదట ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి, ఆ తర్వాత భాష అడ్డం రాదు.

దానికి జోడీగా 'మల్లేశం' చూడండి. 2019లో వచ్చింది, రాజ్ రాచకొండ తీశారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి కథ. తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం, అంటే నేతకు ముందు మేకుల మీద దారం పోసే యంత్రం, కనిపెట్టారు. 1999లో యంత్రం పూర్తయితే తల్లి పేరే పెట్టుకున్నారు, లక్ష్మి అని. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. సినిమాలో ప్రియదర్శి మల్లేశం, ఝాన్సీ తల్లి. మా పట్టణంలో నేను రెండోసారి చూద్దామని వెళ్ళేసరికి పోస్టర్ మారిపోయింది! మన ఇళ్ళలో జరిగిన కథ మన ఊళ్ళోనే నిలవలేదంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆసు పోసిన తల్లులు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా పిల్లలూ, ఎన్ని చేతులో! తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇటు ఒక మేకు, అటు అర్ధచంద్రంలా వరసగా మేకులు. దారాన్ని ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్ళీ వెనక్కి, చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. ఆ తర్వాతే చిటికి కట్టడం, అంటే డిజైన్ కోసం దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టడం, ఆపైన రంగులు, మగ్గం.

మా అమ్మ ఆసు పోసేది. బడి నుంచి వచ్చి "అమ్మా" అని ఎన్నిసార్లు పిలిచినా పలికేది కాదు. నాకు చాలా కోపంగా ఉండేది. నేను టీచర్నయ్యి, రిటైరై, ఇంట్లో టీవీ ముందు అమ్మను కూర్చోబెట్టి 'మల్లేశం' పెట్టాను. ఆసు పోసే సీన్ వచ్చింది. అమ్మ "ఆపు" అంది. ఆపాను. "అప్పుడు మాట్లాడిస్తే లెక్క తప్పుతుండె బిడ్డా. లెక్క తప్పితే డిజైన్ అంత పాడైతుండె. అందుకే పలుకకపోతుంటి" అంది. నేను అడగలేదు, ఆమెకు చెప్పాలనిపించింది. ఆ రోజు సినిమా అయ్యేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. సీన్ సీన్‌కూ ఆపించింది మరి. ఏ మేస్త్రీ కూలి ఎగ్గొట్టాడో, ఏ పండక్కి ఇంట్లో బియ్యం లేవో, అన్నీ బయటికొచ్చాయి.

నేను చెప్పదలుచుకున్నది అదే. థియేటర్లో సినిమాను ఆపలేం. ఇంట్లో ఆపొచ్చు. ఇలాంటి సినిమాలను ఫోన్లో చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒంటరిగా చూడకండి. దయచేసి చూడకండి! అమ్మమ్మనో తాతనో పక్కన కూర్చోబెట్టుకోండి, మధ్యలో ఆపండి, అడగండి. స్లోగా ఉందంటారు. స్లోగా ఉంటేనే పక్కవాళ్ళు మాట్లాడతారు.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలివ్వండి. 'దాసి', 1988, బి. నర్సింగరావు. దొర గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, దాసీగా బతికే కమలాక్షి కథ. ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ నటి అర్చన, కళా దర్శకత్వం మన చిత్రకారుడు వైకుంఠం గారు. మాటలు తక్కువ, అందుకే ఇంట్లో పెద్దల మాటలు కావాలి. గడీల కాలం గురించి తమ పెద్దల దగ్గర విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. 'ఒక ఊరి కథ', 1977. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను బెంగాలీ మృణాల్ సేన్ తెలుగులో తీశారు. ఎంత ఒళ్ళు వంచినా లాభం దొరే తింటాడని పని మానేసిన తండ్రీకొడుకులు ఉంటారు అందులో. ఆ తండ్రి వేషం వేసిన వాసుదేవరావు కన్నడ నటుడు. ఆయన్ను చూసి పిల్లలు నవ్వుతారు, ఇంట్లో కూలికెళ్ళిన వాళ్ళు నవ్వరు. ఆ తేడా ఎందుకో సినిమా ఆపి మాట్లాడుకోండి. చలం 'దోషగుణం' కథతో వచ్చిన 'గ్రహణం' కాస్త పెద్ద పిల్లలతో చూడండి. 'సినిమా బండి' నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, చిన్నపిల్లలకు హాయిగా ఉంటుంది.

మిగతా పేర్లు బయట నోటీసు బోర్డుకు అంటిస్తాను. గ్రంథాలయం వాళ్ళను ఒకటి కోరుతున్నాను. పుస్తకాలకు రిజిస్టర్ ఉంది కదా, ఇంకొక నోట్‌బుక్ పెట్టండి. సెలవుల్లో సినిమా ఆపి పెద్దలు చెప్పిన మాటలు పిల్లలు అందులో రాసిపోవాలి. మొదటి పేజీలో మా అమ్మ మాట రాయడానికి పెన్ను తెచ్చుకున్నాను, నోట్‌బుక్ ఎవరిస్తారో చెప్పండి.