మేడ మీద మృగశిర

అందరికీ నమస్కారం. హైదరాబాద్ పిల్లలకు మృగశిర పేరు కొత్త కాదు. జూన్ 7, 8 తేదీల్లో కార్తె వస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి జనం బారులు తీరతారు. ఇంట్లో చేపల పులుసు ఉడుకుతుంది. కానీ ఆ రోజు ఆ పేరున్న చుక్కలను చూపించమంటే మాత్రం ఎవరి తరమూ కాదు. సూర్యుడు వాటి దగ్గరికి చేరినప్పుడే ఆ కార్తె. అవి పగలే ఉదయించి పగలే అస్తమిస్తాయి.

వాటిని వెతకాలంటే డిసెంబరు మధ్యలో రాత్రి ఎనిమిదికి పిల్లలతో మేడ ఎక్కి తూర్పుకు తిరగండి. ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టు మూడు చుక్కలుంటాయి. గ్రీకుల వేటగాడు ఓరియన్ నడుము బెల్టు అదే. ఎడమన ఎర్రగా ఆర్ద్ర, కుడిపక్క నీలం ఛాయతో రిగెల్. మూడు చుక్కల వరసలోనే చూపు పైకి పోనిస్తే రోహిణి, ఇంకా పైన పిల్లలకోడి, అంటే కృత్తికల గుంపు. మృగశిర అని మనం పిలిచేవి ఆర్ద్రకు కాస్త పైన, మసకగా ఉంటాయి. వాటి కోసం పిల్లల్ని విసిగించొద్దు.

సిటీలో చుక్కలేం కనిపిస్తాయండీ అంటారు. నన్నడిగితే మొదటి పాఠానికి సిటీ ఆకాశమే నయం. చిన్నవాటిని వీధిదీపాలు మింగేశాక పెద్దవే మిగులుతాయి, తికమక ఉండదు.

మనం నిలబడి వేలు చూపిస్తే పిల్లాడు మన వేలినే చూస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని, మీ చెంప వాడి చెంపకు ఆనించి, అప్పుడు చెయ్యి చాచండి. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి.

ఆర్ద్ర, రిగెల్‌లలో ఏది ఎక్కువ వేడో వాళ్లనే అడగండి. ఎర్రదే అంటారు. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, వేడెక్కేకొద్దీ తెల్లబడుతుంది కదా. ఆర్ద్ర ఉపరితలం దాదాపు 3,300 డిగ్రీలైతే, రిగెల్‌ది 12,000 దాకా ఉంటుంది.

రిగెల్ సుమారు 860 కాంతి సంవత్సరాల దూరమంటే వాళ్ల తలకెక్కదు. హనుమకొండలో 1163లో వేయి స్తంభాల గుడి వెలిసిన రోజుల్లో బయలుదేరిన వెలుగు ఇప్పుడు మన కంట్లో పడుతోందని చెప్పి చూడండి.

ఆర్ద్ర పేలిపోతుందటగా అని ఒకరైనా అడుగుతారు. 2019 చివర్లో అది మసకబారితే పెద్దవాళ్లూ అదే అనుకున్నారు. అది వదిలిన ధూళే అడ్డొచ్చిందని తర్వాత తేలింది. పేలడం ఖాయమే, బహుశా లక్ష ఏళ్లలోపు. ఈ రాత్రే పేలినా మనకు తెలియడానికి వందల ఏళ్లు పడుతుంది కాబట్టి, పరీక్షలు మాత్రం వాయిదా పడవని చెప్పండి.