చక్రం మీది నలుపు మట్టి కాదు, ఇనుము

అందరికీ నమస్కారం.

ముందు ఈ అయస్కాంతం చూడండి. ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే మామూలు ముక్కే. పలచటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పది రోజులుగా నీళ్లు తగలని ఈ కారు ముందు చక్రం రిమ్ము లోపలి అంచున ఒక చుట్టు తిప్పుతున్నాను. ఇదిగో, కవరు మీద వెంట్రుకల్లా నిక్కబొడుచుకున్న నల్లటి నూగు. ఉత్త రోడ్డు మట్టయితే ఇలా లేచి నిలబడదు. ఇందులో ఉన్నది ఇనుప పొడి.

బ్రేకు నొక్కితే ప్యాడ్లు డిస్కును రెండు వైపులా పట్టుకుంటాయి. ప్యాడ్లతో పాటు డిస్కూ అరుగుతుంది. డిస్కు పోత ఇనుము. ప్యాడ్‌లో రెసిన్, గ్రాఫైటు, చాలా రకాల్లో ఉక్కు తీగ తునకలు, పట్టు కోసం గరుకు ఖనిజాలు ఉంటాయి. అరిగిందంతా వేడిగా ఎగిరి రిమ్ము మీద వాలుతుంది. అంతటితో ఆగితే నీళ్లు కొడితే పోయేది. కానీ ఇనుముకు తేమ తగిలితే తుప్పు పడుతుంది. ఆ రేణువు ఉబ్బి, అలాయ్ (అల్యూమినియం మిశ్రమం) రిమ్ము పైనున్న క్లియర్ కోటులో, అంటే పారదర్శక పూతలో, పాతుకుపోతుంది. కడిగాక కూడా వేలికి గరగరమని తగిలే గోధుమరంగు చుక్కలు అవే. వానాకాలంలోనూ, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలోనూ ఇది ఇంకా తొందరగా ముదురుతుంది.

మన దగ్గర చాలా చిన్న కార్లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేకు పడగానే బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. వెనక బ్రేక్ షూలు అరిగిన పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది. అందుకే ముందు రెండూ నల్లగా, వెనక రెండూ పరవాలేదన్నట్టు ఉంటాయి. తిరుమల కొండ దిగేటప్పుడు కిందిదాకా బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే ఒక్క పూటలో రిమ్ము నల్లబడుతుంది. రెండో గేరులో దిగితే రిమ్ముతో పాటు ప్యాడ్లూ మిగులుతాయి.

ఇక కడగడం. చక్రం చల్లబడి ఉండాలి. నీడలో కనీసం అరగంట, ఘాట్ దిగి వచ్చాక గంట. వేడి రిమ్ము మీద ఏ మందు కొట్టినా నిమిషంలో ఆరి మరకవుతుంది. ఎండాకాలమైతే ఉదయం ఎనిమిది లోపే ముగించాలి. మొదట ఉత్త నీళ్లతో పొడి బాగా జారేదాకా కడగండి. పొడిగుడ్డతో తుడిచారో, ఆ ఇనుప రవ్వే గరుకు కాగితంలా పూతను గీస్తుంది. గాలి పైపుతో ఊదడం మరీ తప్పు, ఆ పొడంతా మన ముక్కులోకే పోతుంది.

ఇప్పుడు ఐరన్ రిమూవర్ కొడుతున్నాను. ఒక్కో చక్రానికి ఎనిమిది, పది పిచికారీలు చాలు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, కంగారు పడకండి. ఇందులో ఉండేది థయోగ్లైకొలేట్ అనే గంధక లవణం. అది ఇనుముతో కలిసి నీళ్లలో కరిగే ఊదారంగు పదార్థమవుతుంది. ఈ రకాల్లో ఎక్కువవి పీహెచ్ 7కు దగ్గరగా, అంటే యాసిడూ క్షారమూ కాకుండా మధ్యస్థంగా ఉంటాయి, పూతను తినవు. చేతికి గ్లవుజులు మాత్రం ఉండాలి. మూడు నాలుగు నిమిషాలు ఆగాలి, ఆరనివ్వకూడదు.

ఆగే లోపు ఒక మాట. వాటర్ సర్వీసింగ్ దగ్గర పేరులేని డబ్బాలో ఒక 'యాసిడ్' ఉంటుంది, ఇంట్లో టాయిలెట్ క్లీనర్ ఉంటుంది. రెండూ క్షణాల్లో తెల్లగా చేస్తాయి, పేచీ అక్కడే. టాయిలెట్ క్లీనర్లో ఎక్కువగా ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. క్లియర్ కోటు ఎక్కడ చిట్లి ఉంటే అక్కడినుంచి కిందికి దిగి అల్యూమినియాన్ని తింటుంది. దాని ఆవిరికి నట్లూ డిస్కూ తుప్పెక్కుతాయి. కొన్ని వీల్ యాసిడ్లలో హైడ్రోఫ్లోరిక్ ఉంటుంది. అది చర్మంలోంచి లోపలికి ఇంకిపోతుంది, పలచటిదైతే నొప్పి కొన్ని గంటలకు గాని తెలియదు. కడిగే కుర్రాడికి చేతికి తొడుగు కూడా ఉండదు, మన రిమ్ము మెరుపు కోసం. డబ్బా మీద పేరు లేకపోతే వద్దనండి. యాసిడ్ కాదు కదా అని కాస్టిక్ కలిసిన ఇంజన్ డీగ్రీజర్ కొట్టినా అంతే, అల్యూమినియానికి క్షారమూ పడదు.

చూడండి, ఊదారంగు చారలు కారుతున్నాయి. స్పోకు, అంచు కలిసే మూలల్లో చిక్కగా ఉంది, అక్కడే ఎక్కువ పేరుకుంది. ఇప్పుడు బ్రష్షు. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో పది లీటర్ల నీళ్లకు 30 మి.లీ. కారు షాంపూ, లేదా డబ్బా మీద రాసిన కొలత. రెండోదానిలో ఉత్త నీళ్లు, బ్రష్షు జాడించడానికి. ముందు రిమ్ము లోపలి గోడ, తర్వాత స్పోకుల వెనక, ఆపైన ముందు వైపు, చివర నట్ల గుంటలు. లోపలికి పొడవాటి మెత్తటి బ్రష్షు కావాలి, దాని కొసన ఇనుప తీగ బయటికి తేలకూడదు. నట్ల గుంటలకు పెయింటు బ్రష్షు బాగుంటుంది, దాని ఇనుప పట్టీకి రెండు చుట్లు టేపు వేయండి. గిన్నెలు తోమే పీచు దగ్గరికి రానివ్వద్దు. ఈ గుడ్డలూ బ్రష్షులూ చక్రాలకే. వీటితో బానెట్ తుడిస్తే ఎండలో సాలెగూడు గీతలు కనబడతాయి. ఒక చక్రం పూర్తిగా కడిగి నీళ్లు కొట్టాకే రెండోది.

ప్రెషర్ వాషర్ వాడితే ఒక అడుగు దూరం ఉంచండి. చక్రం సమంగా తిరగడానికి లోపలి గోడకు అంటించిన బ్యాలెన్సింగ్ బరువు ముక్కలు దగ్గరినుంచి కొడితే ఊడతాయి, ఇక 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. దీనికి తిరగబడ్డ కేసూ ఉంది: పొలం దారిలో వెళ్లి వచ్చాక లోపల ఒకవైపు ఎండిన మట్టిగడ్డ కూడా అచ్చం అదే వణుకు పుట్టిస్తుంది. బ్యాలెన్సింగ్‌కు డబ్బు కట్టే ముందు లోపల కడిగించి చూడండి.

బోరు నీళ్లయితే వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో ఆర్పాలి, లేకపోతే సున్నపు చుక్కలు పడతాయి. పడ్డవాటికి తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి అద్ది, నిమిషంలో కడిగేయండి. పూత చిట్లినచోట ఇదీ వద్దు. డైమండ్ కట్ అలాయ్‌లకు ఈ భయం ఎక్కువ. వాటి మెరిసే ముఖం లేతులో చెక్కిన బోడి అల్యూమినియం, పైన పారదర్శక పూత ఒక్కటే కాపు. ఎక్కడైనా ఫుట్‌పాత్‌కు గీసుకుంటే అక్కడినుంచి తెల్లటి పురుగు పాకినట్టు పూత కింద తుప్పు నడుస్తుంది. దానికి ఏ మందూ లేదు, మళ్లీ చెక్కించి పూత వేయించడమే.

టైర్లు రొటేషన్ (చక్రాల స్థానాలు మార్చడం) చేయించే రోజు చక్రాలు ఎలాగూ ఊడతాయి. ఆరోజే లోపలా బయటా వీల్ సీలెంట్ అనే రక్షణ పూత పూయండి, తర్వాతి పొడి నీళ్లకే చాలావరకు జారుతుంది. కార్నాబా అనే పాలిష్ మైనమైతే 85 డిగ్రీల అటూ ఇటూ కరుగుతుంది, ముందు చక్రం మీద ఎంతోకాలం ఉండదు. ఏది పూసినా రిమ్ము హబ్‌కు ఆనే చోటా, నట్లు కూర్చునే గుంటలోనూ తగలకూడదు, నట్ల బిగువు తప్పుతుంది. ఐరన్ రిమూవర్ మూడు నెలలకొకసారి చాలు. మధ్యలో పది రోజులకొకసారి షాంపూ నీళ్లు.

కడిగే ముందు మాత్రం నాలుగు చక్రాలూ ఒకసారి పోల్చి చూడండి. ముందు రెండింట్లో ఒకటి మరీ నల్లగా ఉంటే ఆ వైపు కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్ను బిగుసుకుని ప్యాడ్ రాసుకుంటూ ఉండవచ్చు. బండి దిగాక ఆ చక్రం దగ్గర చెయ్యి పెడితే వేడి తేడా తెలుస్తుంది. ఒకటి మరీ శుభ్రంగా ఉన్నా అనుమానించాలి, అక్కడ బ్రేకు పని చేస్తున్నట్టు లేదు. నలుపు జిడ్డుగా, తడిగా ఉంటే కాలిపర్ సీలు కారుతోందేమో. రిమ్ము లోపలి వైపు గ్రీజు చిమ్మినట్టుంటే యాక్సిల్ బూటు (గ్రీజును పట్టి ఉంచే రబ్బరు తొడుగు) చిరిగింది. ఇవి కడిగేశాక కనబడవు.

పొడి తక్కువ కావాలంటే సిరామిక్ రకం ప్యాడ్లు వేయించుకోవచ్చు, మీ మోడల్‌కు సరిపడేవి దొరికితేనే. యూరప్‌లో 2024లో వచ్చిన యూరో 7 నిబంధనలు బ్రేకు పొడికి కూడా కిలోమీటరుకు 7 మిల్లీగ్రాముల హద్దు పెట్టాయి, బ్యాటరీ కార్లకైతే 3. బ్యాటరీ కార్లు మోటారుతోనే నెమ్మదిస్తాయి, అందుకే వాటి రిమ్ములు అంత నల్లబడవు. బదులుగా వాడకం లేక డిస్కులు తుప్పెక్కుతాయి.

టైరు పాలిష్ డిస్కు మీద పడనివ్వకండి. నేరుగా కాక స్పాంజి మీద వేసి పూయండి. సర్వీసింగ్‌లో అడుగున డీజిల్ కొడతామంటే బ్రేకుల దగ్గర వద్దనండి. కడిగాక బండిని తడి బ్రేకులతో, హ్యాండ్‌బ్రేక్ లాగి వారం వదిలేస్తే షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. వీధి చివరిదాకా నెమ్మదిగా పోయి ఐదారుసార్లు బ్రేకు నొక్కి ఆరనివ్వండి. మర్నాడు డిస్కు మీద నారింజ రంగు కనిపిస్తే అది పైపై తుప్పే, నాలుగు బ్రేకులకు పోతుంది. రండి, మిగతా మూడు చక్రాలు మీ చేతులతో కడుగుదురు గాని. గ్లవుజులు ఆ బల్ల మీద ఉన్నాయి.