గర్భసంచి జారిందంటే తీసేయాల్సిందేనా?

అక్కలారా, అమ్మలారా, గర్భసంచి జారినంత మాత్రాన దాన్ని తీసేయించుకోనక్కరలేదు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించిన సంగతి మీకు తెలిసిందే. అయినా మన చిత్తూరు పల్లెల్లో "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకది, తీసేయించుకో" అనే మాట వినిపిస్తూనే ఉంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే గర్భసంచి తీసేసిన తరువాత కూడా యోని పైభాగం కిందికి జారే అవకాశం ఉందని చాలామందికి ఎవరూ చెప్పరు.

ఒక పాల కేంద్రం దగ్గర ఒక అక్కను చూశాను. కొంగు దోపుకొని, ఊపిరి బిగబట్టి, పళ్లు కరిచి నిండు క్యానును ఒక్క ఊపున ఎత్తింది. పొద్దున బాగానే ఉంటుందని, పొద్దు గూకేసరికి కింద ఏదో జారినట్టు బరువుగా ఉంటుందని తరువాత నా చెవిలో చెప్పింది. గర్భసంచి జారడానికి కాన్పులు, వయసు, ముట్లుడగడం కారణాలే, కాదనను. కానీ రోజూ బాధను పెంచేది ఆ బిగబట్టిన ఊపిరేనని నా గట్టి నమ్మకం. అప్పుడు కడుపులోని ఒత్తిడి, గర్భసంచిని, మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాల మీద పడుతుంది. మలబద్ధకంతో ముక్కడం, మానని దగ్గు చేసేదీ అదే.

కాబట్టి పాలను రెండు చిన్న క్యాన్లలో పోసుకోండి, మూత్రం ఆపుకొనేటప్పుడు బిగించే కండరాలను ముందుగా బిగించి, ఊపిరి వదులుతూ ఎత్తండి. దగ్గు, తుమ్ము వచ్చే ముందూ అంతే. సంగటితో పాటు ఆకుకూర తినండి, కమోడ్ మీద కూర్చుంటే పాదాల కింద చిన్న పీట వేసుకోండి. అలిపిరి మెట్లు ఎక్కవచ్చా అని అడుగుతున్నారు: 3,550 మెట్లనూ ఆగుతూ, కూర్చుంటూ ఎక్కండి, మూటలు మాత్రం మోయకండి.

ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ వివరించాడు. జారుడు తక్కువగా ఉన్నవారు, నేర్పేవారి పర్యవేక్షణలో కనీసం 16 వారాలు చేయాలి, నాలుగు రోజులకే మానేస్తే ఫలితం కనబడదు. అది చాలకపోతే గర్భసంచి జారకుండా నిలిపేందుకు యోని లోపల అమర్చే సిలికాన్ రింగు ఉంది, దాన్ని పెసరీ అంటారు.

ఆపరేషన్ తప్పనివారూ ఉంటారు. మూత్రం ఆగిపోయినా, ముట్టు కాని రక్తం కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మిగతావారు సంతకం పెట్టే ముందు డాక్టరమ్మను సూటిగా అడగండి: "మేడమ్, నాకు రింగు పెట్టి చూడవచ్చా?"